గుర్రాల పరీక్షల్లో ఉద్యోగం: స్వాబ్ వైపా, ప్లేటు వైపా?

ప్రశ్న: మా అమ్మాయి మైక్రోబయాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. సంతానోత్పత్తి కోసం పెంచే గుర్రాలకు జననాంగ అంటువ్యాధుల పరీక్షలు చేసే పనిలోకి వెళ్తానంటోంది. పశువైద్యం చదవకుండా కుదురుతుందా?

జవాబు: కుదురుతుందండీ, కాకపోతే సగం పనికే. గుర్రం దగ్గరికెళ్లి స్వాబ్ (దూది చుట్టిన పుల్లతో తీసే నమూనా) తీసేది పశువైద్యులు, అందులో ఏముందో తేల్చేది ల్యాబ్. మీ అమ్మాయి చదువు ల్యాబ్‌కు చక్కగా సరిపోతుంది. గుర్రాల మధ్యే తిరగాలని ఉంటే మాత్రం పశువైద్యంలో మళ్లీ మొదటి నుంచి చేరాల్సిందే. ఆ మాట ఇప్పుడే అడిగి తేల్చుకోండి.

ఇక్కడ ముఖ్యంగా వెతికేది కంటేజియస్ ఈక్వైన్ మెట్రైటిస్, అంటే గుర్రాల్లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటే గర్భాశయ వాపు జబ్బు. 1977లో ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌లో బయటపడిన ఈ జబ్బుకు కారణం టేలొరెల్లా ఈక్విజెనిటాలిస్ అనే బ్యాక్టీరియా. మగ గుర్రం పైకి నిక్షేపంలా ఉంటుంది, లోపల ఈ సూక్ష్మజీవిని మోస్తూ తనతో జతకట్టిన ఆడ గుర్రాలకు అంటిస్తుంది. అందుకే జతకట్టించే సీజన్ మొదలవకముందే పరీక్షలు చేయిస్తారు.

మగ గుర్రంలో మూత్రనాళం, దాని చుట్టూ ఉండే గుంట, అంగం తొడుగు, ఇలా ఒక్కోచోటికి ఒక్కో స్వాబ్. ఆడ గుర్రంలో క్లిటోరిస్ గుంట, దాని సైనస్‌లు ముఖ్యం. సైనస్‌లోకి మామూలు స్వాబ్ పట్టదు, సన్నటిది కావాలి. గర్భాశయం నుంచి తీయాలంటే ఎదకు రావాలి. స్వాబ్‌ను బొగ్గు కలిపిన ఏమీస్ మీడియంలో (దారిలో బ్యాక్టీరియా చావకుండా కాపాడే పదార్థం) పెట్టి, చల్లగా ఉంచి, 48 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. యాంటీబయోటిక్ వాడితే కనీసం 7 రోజులు ఆగాలి. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా ప్లేటు (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచే పళ్లెం) మీద కనబడదు.

ల్యాబ్‌లో అసలు పరీక్ష ఓపికకే. టేలొరెల్లా మెల్లగా పెరుగుతుంది. చాక్లెట్ అగార్ (వేడిచేసిన రక్తం కలిపిన, చాక్లెట్ రంగు పోషక జెల్లీ) మీద, కార్బన్ డయాక్సైడ్ కలిపిన ఇన్‌క్యుబేటర్‌లో కనీసం 7 రోజులు ఉంచాలి. మూడో రోజుకే ‘ఏమీ లేదు’ అని రాసేస్తే జబ్బు గుర్రాన్ని మందలోకి వదిలినట్టే. ఇంకో చిక్కుంది: మిగతా బ్యాక్టీరియాను అణచడానికి స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయోటిక్ కలుపుతారు, కానీ కొన్ని టేలొరెల్లా రకాలు దానికే చచ్చిపోతాయి. అందుకని స్ట్రెప్టోమైసిన్ లేని ప్లేటు కూడా వేయాలి. పీసీఆర్ (బ్యాక్టీరియా డీఎన్‌ఏను వెతికే పరీక్ష) త్వరగా తేలుస్తుంది, పైగా చచ్చిన బ్యాక్టీరియానూ పట్టేస్తుంది. ఆ తేడా తెలిసినవాళ్లే రిపోర్టు సరిగా చదవగలరు.

వెతికే మరో జబ్బు వైరల్ ఆర్టెరైటిస్, వైరస్ వల్ల రక్తనాళాలు వాచే జబ్బు. దానికి రక్తపరీక్ష ఉంది. టీకా వేశాక చేస్తే పాజిటివ్ వస్తుంది కాబట్టి టీకాకు ముందే చేయించి కాగితం దాచుకోవాలి. పాజిటివ్ వచ్చిన మగ గుర్రానికి వీర్యంలో కూడా వైరస్ వెతుకుతారు.

ఈ ఏడాది ప్రాజెక్టుకు మెల్లగా పెరిగే బ్యాక్టీరియా కల్చర్ (ప్లేటు మీద పెంచడం) గానీ పీసీఆర్ గానీ ఎంచుకోమనండి. గుర్రాలే కానక్కర్లేదు, పశువైద్య డయాగ్నస్టిక్ ల్యాబ్ ఏదైనా సరే. ఇంటర్వ్యూలో ‘స్వాబ్ నాలుగో రోజున వేడిగా వచ్చింది, ఏం చేస్తావ్?’ అని అడగవచ్చు. కల్చర్ చేసి నెగెటివ్ అని పంపిస్తానంటే ఉద్యోగం రాదు. కొత్త నమూనా పంపమని వెనక్కి రాస్తాననాలి.