ఎలక్ట్రిక్ సూపర్‌చార్జర్ పెట్టినా పవర్ రాకపోతే

బ్రో, ఇంజన్‌కి గాలి వెళ్లే ఇన్‌టేక్ పైపులో 12 వోల్టుల ఫ్యాన్ సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి ఎక్కువ గాలి తోసేది) పెట్టాక పై ఆర్‌పీఎంలో, అంటే ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు, బండి ఇంకా డల్ అయిందన్నారు కదా, ముందు అది పీకేయండి. 2 లీటర్ల ఇంజన్ 6000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి దాదాపు 6000 లీటర్ల గాలి లాగుతుంది, ఆ బుల్లి ఫ్యాన్ అంత తోయలేక దారికి అడ్డంగా కూర్చుంటుంది. 5 పీఎస్ఐ బూస్ట్, అంటే మామూలు గాలి ఒత్తిడి మీద అదనపు ఒత్తిడి, నిజంగా రావాలంటే 6, 7 కిలోవాట్ల కరెంటు పవర్ కావాలి, అంటే 12 వోల్టుల మీద 500 ఆంప్స్ పైనే, బండిలో కరెంటు తయారుచేసే మామూలు ఆల్టర్నేటర్ ఇచ్చేదే 100, 150. అందుకే ఆడి ఎస్‌క్యూ7 డీజిల్ కారులో 48 వోల్టుల మీద నడిచే ఎలక్ట్రిక్ కంప్రెసర్ పెట్టారు, అదీ టర్బోలు (ఎగ్జాస్ట్ పొగతో తిరిగి గాలి తోసేవి) వేగం అందుకునేలోపు కాసేపే పనిచేస్తుంది. పాత పైపు బిగించి క్లాంపులు లీకవుతున్నాయేమో చూసుకోండి. బూస్టే కావాలంటే మాత్రం కొన్నాళ్లు ఆగి డబ్బులు కూడబెట్టి టర్బో కిట్ వేయించండి, ఫ్యూయల్ ట్యూనింగ్ కూడా కలిపే చేయించండి ప్లీజ్, అది లేకపోతే మిక్స్చర్ లీన్ అయ్యి, అంటే గాలికి తగ్గ ఇంధనం అందక, పిస్టన్లు పోతాయి.