టెక్ సందేహాలు: చిన్నపిల్లలకు ప్రశాంతమైన యానిమేషన్ ఎలా ఎంచుకోవాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. ఆకులు, వాన, చేపలు, మబ్బులు కనిపిస్తూ, మాటల్లేకుండా నెమ్మదిగా సాగే యానిమేషన్ వీడియోల గురించి చాలామంది తల్లిదండ్రులు అడిగారు. అందుకే ఈ వారం వేరే సందేహాల జోలికి పోకుండా వీటికే జవాబులిస్తున్నాను.

మా పాపకు రెండున్నరేళ్లు. 'రిలాక్సింగ్', 'సెన్సరీ' అని పేరున్న వీడియోలే ఏరి పెడతాను. అయినా కొన్ని చూశాక ఇంకా చిరాకు పడుతుంది. ఏది నిజంగా ప్రశాంతమైనదో ముందే తెలుసుకునే మార్గం ఉందా?

ఉంది. ముందుగా పేరును పట్టించుకోవడం మానేయండి. ఆ మాటలు ఏ వీడియోకైనా ఎవరైనా తగిలించుకోవచ్చు. పాపకు చూపించే ముందు మీరే ఒక్క నిమిషం చూడండి. ఆ నిమిషంలో దృశ్యం ఎన్నిసార్లు మారిందో వేళ్ల మీద లెక్కపెట్టండి. ఒకే చెరువు, ఒకే కోణం అనుకుందాం. ఓ కప్ప వచ్చి ఆకు మీద కూర్చుంది, కాసేపు కదల్లేదు, తర్వాత నీళ్లలోకి దూకింది. ఇలాంటి చోట పిల్లలకు కప్పను వెతుక్కోవడానికి, అదేం చేస్తుందా అని ఎదురుచూడటానికి, దూకగానే 'అదిగో' అనుకోవడానికి తీరిక దొరుకుతుంది. అదే కప్పను మూడు సెకన్లకోసారి కొత్త కోణంలో చూపిస్తే, తెర మీద ఎంత పచ్చదనం ఉన్నా లాభం లేదు. మారే బొమ్మ వెంట పరుగెత్తడంతోనే కళ్లకు సరిపోతుంది.

దీని మీద 2011లో 'పీడియాట్రిక్స్' పత్రికలో ఓ అధ్యయనం వచ్చింది. నాలుగేళ్ల పిల్లలు 60 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు 9 నిమిషాలు వేగంగా సాగే కార్టూన్ చూపించారు. అందులో సగటున 11 సెకన్లకోసారి పూర్తిగా కొత్త దృశ్యం వచ్చేది. రెండో జట్టు చూసిన కార్యక్రమంలో 34 సెకన్లకోసారి. మూడో జట్టు పిల్లలు బొమ్మలు గీసుకున్నారు. వెంటనే ఓపిక పట్టడం, సూచనలు గుర్తుంచుకుని పాటించడం లాంటి పరీక్షలు పెడితే వేగం కార్టూన్ చూసినవాళ్లు వెనకబడ్డారు. ఆ కార్టూన్‌లో నిజ జీవితంలో జరగని వింతలు కూడా ఎక్కువ కాబట్టి తప్పంతా వేగానిదే అనలేం. అయినా ఎంచుకునేటప్పుడు దృశ్యాలు ఎంత తొందరగా మారుతున్నాయో చూడటం మంచి అలవాటు.

రెండో పరీక్ష చెవులకు. ఫోన్‌ను బోర్లా పెట్టి ధ్వని మాత్రం వినండి. వాన చప్పుడు ఒకే తీరుగా వినిపిస్తే మంచిదే. ప్రతి చినుక్కీ 'టింగ్', ప్రతి సీతాకోకచిలుకకూ 'వూష్' అని ఎఫెక్టులు పడుతుంటే అది పిల్లల చూపును మళ్లీ మళ్లీ తెర మీదికి లాగడానికి పెట్టిందే. ఇక తెర తళతళా వెలిగి ఆరిపోతూ ఉంటే ఆలోచించకుండా తీసేయండి. వెబ్‌సైట్ల కోసం రాసిన అంతర్జాతీయ మార్గదర్శకాలే సెకనుకు మూడు మెరుపులు దాటకూడదంటాయి. అలాంటి మెరుపుల వల్ల కొందరికి మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది.

స్పీడ్‌ను 0.75కి తగ్గిస్తే సరిపోదా అని ఇంకొకరు అడిగారు. కదలికలు నెమ్మదిస్తాయి, నిజమే. కానీ దృశ్యాలు మారడం మాత్రం ఆగదు.

వీడియో అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. ఫోన్ తీసుకుంటే మా బాబు ఇల్లు పీకి పందిరేస్తాడు. ఏం చేయాలి?

ఈ ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. పిల్లాడు ప్రశాంతంగా ఉండటంలో వీడియో పాత్ర సగమే. అది ఎలా ముగుస్తుందన్నది మిగతా సగం. సూర్యుడు అస్తమించి, పక్షులు గూళ్లకు చేరి, తెర నల్లబడగానే పెద్ద శబ్దంతో మరో వీడియో మొదలైతే, అప్పటిదాకా కుదిరిన నెమ్మది అంతా పోతుంది. ముగింపు అనేదే కనిపించని పిల్లాడికి మీరు ఫోన్ తీసుకోవడం అన్యాయంగానే తోస్తుంది.

మామూలు యూట్యూబ్‌లో వీడియో నడుస్తుండగా తెరను ఒకసారి తాకితే పైన ఆటోప్లే స్విచ్ కనిపిస్తుంది. ముందు దాన్ని ఆఫ్ చేయండి. ఇంతకన్నా మంచిది యూట్యూబ్ కిడ్స్ యాప్. అందులో బాబు పేరుతో ప్రొఫైల్ పెట్టేటప్పుడు 'అప్రూవ్ కంటెంట్ యువర్‌సెల్ఫ్' అన్నది ఎంచుకుంటే మీరు ఏరిన వీడియోలు, చానెళ్లు మాత్రమే కనిపిస్తాయి, వెతికే వీలు ఉండదు. అదే యాప్‌లో తాళం గుర్తు నొక్కితే టైమర్ ఉంటుంది. సమయం కాగానే యాప్ దానంతటదే ఆగిపోతుంది. 'ఫోన్ నిద్రపోయింది' అని చెప్పడం మీకూ తేలిక, వినడం వాడికీ తేలిక. ఒక్క జాగ్రత్త: టైమర్ కథ మధ్యలో కోసేయకుండా వీడియో నిడివి చూసుకుని పెట్టండి.

బాబు వేళ్లు తగిలి వేరే యాప్‌లు తెరుచుకుంటుంటే, ఆండ్రాయిడ్‌లో తెరను ఒకే యాప్‌కు కట్టేసే 'యాప్ పిన్నింగ్' వాడండి. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ విభాగంలో ఉంటుంది, దొరక్కపోతే 'పిన్' అని వెతకండి. ఆన్ చేసేటప్పుడు 'తీసేముందు పాస్‌వర్డ్ అడగాలి' అన్నదీ టిక్ చేయడం మరవద్దు. ఐఫోన్, ఐప్యాడ్‌లలో ఇదే పని చేసేది 'గైడెడ్ యాక్సెస్'. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో ఆన్ చేసి, వీడియో పెట్టాక పక్క బటన్‌ను (ఐప్యాడ్‌లో పై బటన్‌ను) మూడుసార్లు నొక్కాలి. పాత మోడళ్లలో అయితే హోమ్ బటన్‌ను. అందులోనే టచ్‌ను పూర్తిగా ఆపేయవచ్చు, సమయమూ పెట్టవచ్చు.

నన్నడిగితే వీటన్నిటికన్నా నిశ్చింతైనది ఫైల్‌గా మీ దగ్గరున్న వీడియో. డౌన్‌లోడ్ చేసుకోమని తయారుచేసినవాళ్లే ఇచ్చిన దాన్ని ఫోన్‌లో దించుకుని, విఎల్‌సి అనే వీడియో ప్లేయర్‌లో పెట్టి, ఇంటర్నెట్ ఆపేయండి. ఫోల్డర్‌లో ఆ ఒక్క ఫైలే ఉంచండి. ప్రకటనలుండవు, 'తర్వాతిది' ఉండదు. అయిపోతే అయిపోయినట్టే.

మా మనవడికి ఏడాదిన్నర. ఇంకా సరిగ్గా మాటలు రాలేదు. మాటల్లేని వీడియోలు చూపిస్తే మాటలు ఇంకా ఆలస్యమవుతాయని మా కోడలు, మాటలున్నవి పెడితే నేర్చుకుంటాడని మా అబ్బాయి. ఎవరిది నిజం?

అమ్మా, ఈ వయసులో ఆ రెండూ అవసరం లేదు. ఏడాది, రెండేళ్ల మధ్య పిల్లలకు టీవీ, వీడియోలు వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్లు నిండాక, ఐదేళ్లు వచ్చేదాకా రోజుకు గంట మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. ఇంత చిన్నపిల్లలు తెర మీద చూసిన దానికన్నా ఎదురుగా ఉన్న మనిషి నుంచే చాలా ఎక్కువ నేర్చుకుంటారని ఎన్నో పరిశోధనల్లో తేలింది. మాటలున్న వీడియో పెట్టినంత మాత్రాన మాటలు వచ్చేయవు. వాడు 'ఊ' అంటే తెర బదులు పలకదు, మీరు పలుకుతారు.

మనవడికి రెండేళ్లు దాటాక మాత్రం మాటల్లేని యానిమేషన్‌కు ఓ గొప్ప సుగుణం ఉంది. అందులో మాట్లాడే చోటు మీకు వదిలేస్తారు. నత్త ఒకటి కాడ మీద పాకుతుందనుకోండి. 'ఎక్కడికి పోతోంది?' అని అడిగి, వాడి ముఖం చూస్తూ ఆగండి. వాడు వేలు చూపిస్తాడు. 'పైకి పోతోందా? అబ్బో, జారిందే!' అనండి. ఇంకోసారి చూసినప్పుడు 'జాలింది' అని వాడే ముందు అనేయవచ్చు. వ్యాఖ్యానం వినిపిస్తూనే ఉండే వీడియోలో మీకు ఈ సందు దొరకదు. పక్కన ఎవరూ కూర్చోకపోతే మాత్రం ఆ ఖాళీ ఖాళీగానే మిగిలిపోతుంది.

ఎవరూ చూడకపోయినా అలా నడుస్తూ ఉండనివ్వవచ్చా అని కూడా రాశారు. వద్దండి. పిల్లలు పట్టించుకోనట్టే కనిపించినా, వెనక టీవీ నడుస్తుంటే బొమ్మలతో ఆట చిన్న చిన్న ముక్కలైపోతుందని ఏడాది నుంచి మూడేళ్ల పిల్లల మీద చేసిన పరిశోధనలో తేలింది.

ఏడాదిన్నరకు మాటలు తగినన్ని రాలేదన్న అనుమానం ఉంటే, వీడియోల చర్చ పక్కనపెట్టి ఓసారి పిల్లల డాక్టర్‌కు చూపించండి. వినికిడి పరీక్ష కూడా అడగండి.

నిద్రకు ముందు వాన యానిమేషన్ పెడితే మా పాప తొందరగా పడుకుంటుందని పెడుతున్నాం. పర్వాలేదా?

నిద్రకు గంట ముందే తెరలు ఆపేయమని పిల్లల వైద్యులు చెబుతారు. నైట్ మోడ్ పెట్టి రంగు పసుపు చేసినంత మాత్రాన ఆ గంట మినహాయింపు రాదు. అలవాటైన వాన చప్పుడు కావాలంటే తెర ఆర్పేసి ధ్వని మాత్రం వాడండి. ఫోన్‌ను మంచానికి దూరంగా, గదికి అవతలి వైపు, తక్కువ శబ్దంతో పెట్టండి.

కొన్ని వీడియోలు ఏఐతో చేసినవని అనుమానం. గుర్తుపట్టడం ఎలా?

నిజమైనవాటిలా కనిపించే ఏఐ వీడియోలకు ఆ సంగతి తెలిపే గుర్తు పెట్టాలని యూట్యూబ్ 2024లో నిబంధన తెచ్చింది. కానీ చూడగానే ఊహాలోకమని తెలిసే యానిమేషన్‌కు అది వర్తించదు. కాబట్టి లేబుల్ లేదంటే చేత్తో గీసిందని అర్థం కాదు. మీరే పరిశీలించాలి. పక్షి కొమ్మ చాటుకు వెళ్లి బయటకు వచ్చాక రెక్కల రంగు, కాళ్ల లెక్క అలాగే ఉన్నాయా? వాగు ఒకే వైపు పారుతోందా? పువ్వు రేకుల సంఖ్య మారుతోందా? ఏఐ వాడారన్నది నాకు పెద్ద అభ్యంతరం కాదు. కానీ చేప ఎలా ఈదుతుందో, గొంగళిపురుగు ఎలా ముడుచుకుంటుందో తొలిసారి చూస్తున్న పిల్లలకు తప్పు చూపించడం నాకు బాధగా ఉంటుంది. చేత్తో గీసేవాళ్లు ముందు అసలు పురుగును గమనిస్తారు. ఆ శ్రద్ధ తెర మీద కనిపిస్తుంది.

మా టీవీలో చేత్తో గీసిన యానిమేషన్ పెడితే బొమ్మలు నూనెలో జారుతున్నట్టున్నాయి. టీవీ పాడైందా?

లేదు. చేత్తో గీసే యానిమేషన్‌లో సెకనుకు 24 ఫ్రేములు (తెర మీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చే చిత్రాలు) ఉంటే, చాలాసార్లు ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడతారు, అంటే సెకనుకు 12 బొమ్మలు. మీ టీవీ వాటి మధ్య లేని బొమ్మల్ని తనే కల్పించి ఇరికిస్తోంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయండి. ఎల్‌జీలో 'ట్రూమోషన్', సోనీలో 'మోషన్‌ఫ్లో', శాంసంగ్‌లో 'ఆటో మోషన్ ప్లస్' లేదా 'పిక్చర్ క్లారిటీ' అని ఉంటుంది.

నాకు బొమ్మలు గీయడం కొంచెం వచ్చు. మా పిల్లల కోసం నేనే చేయగలనా?

తప్పకుండా చేయగలరు. యానిమేషన్ గీసే సాఫ్ట్‌వేర్లలో క్రిటా, పెన్సిల్2డి, ఓపెన్‌టూంజ్ మూడూ ఉచితమే. కొత్తవాళ్లకు పెన్సిల్2డి తేలిక. మొదటిసారే అడవంతా గీయబోకండి. వెనక ఒకే బొమ్మ, ముందు ఒక ఆకు, దాని మీద ఓ చినుకు. ఆకు కిందికి వంగి మళ్లీ పైకి వచ్చేలా 12 బొమ్మలు గీసి, చివరిది మొదటిదానితో కలిసేలా చూసుకుంటే ఎంతసేపైనా తిప్పవచ్చు. చినుకు పడ్డ క్షణాన ఆకు ఒక్కసారిగా వంగాలి, పైకి రావడం మాత్రం నెమ్మదిగా ఉండాలి. ఆ తేడాతోనే ఆకు సజీవంగా అనిపిస్తుంది. నిజమైన ఆకును ఫోన్‌లో స్లోమోషన్‌లో తీసి చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. వాన చప్పుడునూ ఫోన్‌లోనే రికార్డ్ చేసుకోండి.

ఎంపీ4గా సేవ్ చేస్తే దాదాపు అన్ని టీవీల్లో నడుస్తుంది. రెండు మూడు నిమిషాల తర్వాత ఆకును ఆపి, తెరను మెల్లగా చీకటి చేసి ముగించండి. మీ వీడియోకు ఆటోప్లే బెడద ఎలాగూ ఉండదు.