కీళ్లవాతానికి అడాలిముమాబ్ ఇంజెక్షన్‌ను ఇంట్లోనే వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ఈ మందును సాధారణంగా రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాముల చొప్పున చర్మం కిందికి ఎక్కిస్తారు. మొదటి డోసు మాత్రం నర్సు ఎదుట వేసుకుని పద్ధతి నేర్చుకోండి.

నా దృష్టిలో సూది కంటే ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఫ్రిజ్ దగ్గర. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్‌ను ఆనించి పెడితే గడ్డకడుతుంది. అలా గడ్డకట్టినది మళ్లీ కరిగినా పనికిరాదు. ధర తలచుకుని ప్రాణం ఉసూరుమన్నా పారేయాల్సిందే. వేసుకునే ముందు 15-30 నిమిషాలు బయట ఉంచితే మంట తగ్గుతుంది. తొందరపడి వేడినీళ్లలో ముంచకండి, కుదపకండి. ద్రవం మసకగా ఉన్నా, రేణువులు కనిపించినా వాడవద్దు.

తొడ ముందుభాగం గానీ, బొడ్డుకు రెండంగుళాల అవతల పొట్ట గానీ అనువైన చోటు. ప్రతిసారీ చోటు మార్చాలి. క్యాలెండర్‌లో తేదీ పక్కన ‘కుడి తొడ’ అని రాసుకుంటే మరచిపోరు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఆసుపత్రిలో అప్పగించండి.

ఈ మందు రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందే క్షయ, హెపటైటిస్-బి పరీక్షలు చేస్తారు. జ్వరం, తగ్గని దగ్గు, మానని పుండు ఉంటే డోసు వేసుకోకుండా ముందు డాక్టరుకు ఫోను చేయండి. ఏ టీకా అయినా ఆయనను అడిగాకే. ముఖం వాచి ఊపిరాడకపోతే వెంటనే 108కి ఫోను చేయండి.