మూలనపడ్డ పాత బండికి ముందు కిక్ కొట్టకండి

మీ మామయ్యగారి 100 సీసీ ఫోర్ స్ట్రోక్ బండి ఆరేళ్లుగా షెడ్డులోనే ఉందన్నారు. కొత్త పెట్రోల్ పోసి కిక్ కొడితే స్టార్ట్ అవుతుందా, లేక నేరుగా మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లాలా అని అడిగారు. స్టార్ట్ అవ్వొచ్చు. నాది అయింది. నా తిప్పలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి.

మా నాన్న మోకాళ్ల నొప్పులతో బండి నడపడం మానేశాక అది తొమ్మిదేళ్లు టార్పాలిన్ కింద ఉండిపోయింది. దాన్ని బయటికి తీసిన రోజు నాకున్న తొందర అంతా ఇంతా కాదు. పాత పెట్రోల్ మీదే ఒక లీటరు కొత్తది పోశాను, చోక్ వేసి కిక్ మీద కిక్ కొట్టాను. ముప్పై నలభై కిక్కులయ్యాక గుప్పుమని పొగ వదిలి స్టార్ట్ అయింది. ఇంట్లో వాళ్లంతా చప్పట్లు. చోక్ ఉంటే నడుస్తోంది, తీస్తే ఆగిపోతోంది. ఫర్వాలేదులే అని అలాగే వీధి చివరిదాకా పోనిచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు తోసుకుంటూ వచ్చాను. ట్యాంకులోని తుప్పంతా, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్‌లోకి దిగింది. ఆ తర్వాత ఒకే నెలలో కార్బురేటర్‌ను నాలుగుసార్లు విప్పాల్సి వచ్చింది. అందుకే చెప్తున్నాను, ఇంజన్‌ను స్టార్ట్ చేయడం ఈ పనుల్లో దాదాపు చివరిది. మొదటిది కాదు.

రూపాయి ఖర్చు పెట్టకముందే కాగితాలు చూసుకోండి. రిజిస్ట్రేషన్ ఇంకా చెల్లుతుందా, ఎవరి పేరు మీద ఉంది, ఇన్సూరెన్స్ మళ్లీ ఇస్తారా అన్నవి ముందే తేల్చుకోండి. రోడ్డెక్కే హక్కే లేకపోతే ఎంత రిపేరు చేసినా అది షోకేసు బొమ్మే.

తర్వాత ఒక గంట పాటు పానా పట్టకుండా బండి చుట్టూ తిరిగి చూడండి. సీటు ఎత్తండి, సైడ్ కవర్లు తీయండి. ఎలుకలకు ఎయిర్ ఫిల్టర్ డబ్బాను మించిన ఇల్లు ఉండదు. నా బండిలో గుడ్డపీలికలు, కాగితం ముక్కలతో గూడు కట్టి, వెళ్తూ వెళ్తూ హెడ్‌లైట్ వైరు కూడా కొరికి పోయాయి. ఎయిర్ ఫిల్టర్ స్పాంజిదైతే వేలితో నొక్కి చూడండి, పాతబడితే పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడిని ఇంజన్ పీల్చుకుంటుంది కాబట్టి కడిగి వాడుకుందామని చూడకండి, మార్చేయండి. సైలెన్సర్ గొట్టంలోకి కూడా టార్చి వేయండి. కందిరీగలు మట్టితో మూసేసిన సైలెన్సర్ ఒకటి నేను చూశాను. ఆ బండి ఎందుకు స్టార్ట్ కావట్లేదో రెండు రోజులు ఎవరికీ అంతుపట్టలేదు.

ఇక ట్యాంకు. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నిలవ పెట్రోల్లో తేలికగా ఆవిరయ్యే భాగం పోయి, మిగిలింది బంకలా తయారవుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. ఆ నీరు ఎక్కువైతే అడుగున వేరుగా చేరి ఇనుప ట్యాంకును తినేస్తుంది. మూత తీసి వాసన చూడండి. మంచి పెట్రోల్ ఘాటుగా ఉంటుంది, చెడిపోయింది పాత పెయింటు డబ్బా వాసన కొడుతుంది. పాతదంతా బయటికి తీయండి, ఒక్క చుక్క కూడా వాడొద్దు. ఈ పని ఆరుబయటే చేయాలి, చుట్టుపక్కల సిగరెట్టు, దీపం, పొయ్యి ఏవీ ఉండకూడదు. కాలువలో పారబోయకుండా డబ్బాలో పట్టి, పాత పెట్రోల్ తీసుకుంటామనేవాళ్లకే ఇచ్చేయండి.

టార్చి వేస్తే లోపల మెరుస్తూ ఉంటే మీరు అదృష్టవంతులే, ఒకసారి కొత్త పెట్రోల్‌తో కడిగితే చాలు. గోధుమరంగు పొడి పట్టి ఉంటే పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) విప్పి, ఆ రంధ్రాన్ని మూసి, ట్యాంకు నిండా వెనిగర్ పోసి ఒకటి రెండు రోజులు ఉంచండి. పొరలుగా పట్టిన తుప్పు వదలాలంటే గుప్పెడు నట్లు వేసి బాగా ఊపాలి. వేసే ముందు మాత్రం నట్లు లెక్కపెట్టుకోండి! నేను లెక్కపెట్టలేదు, మలుపు తిరిగినప్పుడల్లా ఒకటి ఇప్పటికీ లోపల గలగలమంటుంది. వెనిగర్ తీసేశాక నీళ్లతో కడిగి, వంటసోడా కలిపిన నీళ్లతో మరోసారి కడగండి, ఆమ్లం విరుగుతుంది. అసలు కిటుకు ఆ తర్వాతే ఉంది. శుభ్రమైన ఇనుము తడిగా ఉంటే గంటల్లోనే మళ్లీ తుప్పు పట్టేస్తుంది. ఎండలో పెట్టి త్వరగా ఆరబెట్టి, వెంటనే కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపిన పెట్రోల్ పోసి లోపలంతా తగిలేలా తిప్పండి. నేను మొదటిసారి రాత్రంతా ఆరనిద్దామని వదిలేశాను. తెల్లారేసరికి లోపలంతా ఎర్రబడింది, పనంతా మళ్లీ మొదటికొచ్చింది. తుప్పుకు ట్యాంకు చిల్లిపడి ఉంటే లోపల పూత పూసి గడుపుదామనుకోకండి, ట్యాంకునే మార్చండి.

కార్బురేటర్ విప్పేముందు ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కింది గిన్నె స్క్రూలు మెత్తని లోహంతో ఉంటాయి, సైజు సరిపోని స్క్రూడ్రైవర్ పెడితే తలలు అరిగిపోతాయి. గాలి స్క్రూ తీసేముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పి ఎన్ని చుట్లకు ఆగిందో రాసి పెట్టుకోండి, బిగించేటప్పుడు మళ్లీ అన్నే చుట్లు వెనక్కి తిప్పాలి. గిన్నె తీయగానే పచ్చటి జిగురు, అడుగున ఎర్ర ఇసుకలాంటిది కనిపిస్తే ఆశ్చర్యపోకండి. చోక్ వేస్తేనే నడిచి, తీస్తే ఆగిపోయే బండిలో సాధారణంగా దొరికే దొంగ పైలట్ జెట్, అంటే స్లో స్పీడులో పెట్రోల్ అందించే చిన్న ఇత్తడి ముక్క. దాని రంధ్రం వెంట్రుకకు కాస్త పెద్దదంతే. క్లీనర్ కొట్టి, గాలి పట్టించి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి, గుండ్రటి చుక్క స్పష్టంగా కనిపించాలి. స్టీలు తీగ, గుండుసూది లాంటివి దూర్చొద్దు. ఇత్తడి మెత్తగా ఉంటుంది, రంధ్రం పెద్దదైతే ఇక ఆ జెట్ పనికిరాదు. తప్పదనుకుంటే రాగి వైరులోంచి లాగిన ఒక్క పోగు వాడండి. క్లీనర్ కొట్టేముందు రబ్బరు రింగులన్నీ పక్కన పెట్టాలి, లేకపోతే ఉబ్బిపోతాయి. కార్బురేటర్‌ను ఇంజన్‌కు కలిపే రబ్బరు గొట్టాన్ని వంచి చూడండి. పగుళ్లుంటే అక్కడి నుంచి గాలి పీల్చి, స్లో స్పీడ్ ఎప్పటికీ కుదరదు. కాక్ నుంచి వచ్చే పెట్రోల్ పైపు కొత్తది వేసి, మధ్యలో ఒక చిన్న ఫిల్టర్ పెట్టేయండి. నేను ఈ ఫిల్టర్ మొదటి రోజే పెట్టి ఉంటే నాలుగుసార్లు విప్పే పని ఒక్కసారితో తీరేది.

ఇంజన్ విషయంలో భయపడాల్సింది పిస్టన్ రింగులు బోరుకు (పిస్టన్ కదిలే సిలిండర్ గోడకు) పట్టేసి ఉండటం. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలోంచి ఐదు పది మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు ప్లగ్ లేకుండానే టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. తిరిగితే సంతోషం. తిరగకపోతే కిక్ మీద ఎక్కి గెంతకండి, రింగో, కిక్ గేరో విరుగుతుంది. మళ్లీ ఆయిల్ పోసి ఇంకో రెండు రోజులు ఆగండి. అప్పటికీ కదలకపోతే హెడ్ విప్పాల్సిందే, అది మెకానిక్ పని.

తిరిగిందంటే పాత ఇంజన్ ఆయిల్ తీసి కొత్తది పోయండి. తీసిన ఆయిల్‌ను ఓసారి వాసన చూడండి. పెట్రోల్ వాసన వచ్చినా, పోయాల్సిన దానికంటే ఎక్కువ బయటికి వచ్చినా కార్బురేటర్ ఓవర్‌ఫ్లో అయి పెట్రోల్ ఇంజన్‌లోకి దిగిందని అర్థం. గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ పిన్ను మార్చకుండా ముందుకెళ్లొద్దు. తెల్లగా మజ్జిగలా ఉంటే నీరు చేరింది. కొత్త ఆయిల్ పోశాక ప్లగ్ పెట్టకుండానే ఓ ఇరవై కిక్కులు మెల్లగా కొట్టండి, పైదాకా ఆయిల్ చేరుతుంది. రంధ్రం ముందు మొహం పెట్టొద్దు, పోసిన ఆయిల్ చిమ్ముతుంది.

బ్యాటరీ గురించి ఎక్కువ రాయను. ఆరేళ్లు చార్జింగ్ లేకుండా పడున్న బ్యాటరీ చచ్చినట్టే లెక్క, దాన్ని బతికించే ప్రయత్నాలు టైం వేస్టు. కిక్‌తో స్టార్ట్ అయ్యే చాలా పాత బండ్లలో ప్లగ్‌కు కరెంటు ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే మాగ్నెటో నుంచే వస్తుంది కాబట్టి బ్యాటరీ లేకపోయినా ఇంజన్ లేస్తుంది. కొనేముందు మీది 6 వోల్టులదా 12 వోల్టులదా చూసుకోండి. ప్లగ్ కొత్తది వేయండి. కరెంటు వస్తోందా అని చూడటానికి ప్లగ్‌ను హెడ్‌కు ఆనించి కిక్ కొట్టేటప్పుడు ప్లగ్ రంధ్రానికి, పెట్రోల్‌కు దూరంగా ఆనించండి. కరెంటు రాకపోతే ముందు కిల్ స్విచ్ (ఇంజన్ ఆపే స్విచ్) చూడండి. నవ్వకండి, దాని వల్ల నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను. తర్వాత వైర్ల కలయికల్లో పచ్చటి చిలుము గీకేయండి, ఎర్త్ వైరు బోల్టు విప్పి శుభ్రం చేసి బిగించండి. సగం వైరింగ్ జబ్బులు దాంతోనే నయమవుతాయి.

ఇప్పుడు కిక్ కొట్టొచ్చు, అదీ బయట, గాలి ఆడే చోట. మూసిన షెడ్డులో పొగ పీలిస్తే ప్రాణాలకే ముప్పు. మొదట వచ్చే తెల్లని, నీలం పొగ చూసి కంగారు పడకండి, మీరు పోసిన ఆయిలే అలా కాలుతుంది. పది పదిహేను నిమిషాలు నడిచాక కూడా నీలం పొగ అలాగే వస్తుంటే రింగులో, వాల్వ్ సీళ్లో పోయినట్టు. కొత్త బ్యాటరీ పెట్టాక ఇంజన్ కాస్త రేజ్ చేసి మీటరు పెట్టి చూడండి, 12 వోల్టుల బండికి సుమారు 13.5 నుంచి 14.5 వరకు రావాలి. క్లచ్ నొక్కి గేరు వేయబోయేముందు మాత్రం సెంటర్ స్టాండ్ మీదే ఉండండి. ఇన్నేళ్లు కదలని క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండొచ్చు. నాకది తెలియక గేరు వేయగానే బండి ఎగిరి గోడను తాకింది. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి, గేరులో ఉంచి, క్లచ్ నొక్కి పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపితే చాలాసార్లు ప్లేట్లు విడిపోతాయి.

ఇంతవరకూ చెప్పినవాటిలో చాలామట్టుకు తేడా వస్తే బండి ఆగిపోతుంది, అంతే. బ్రేకులు, టైర్లు అలా కాదు. నేను వీధి చివరిదాకా వెళ్లిన రోజు ముందు బ్రేకు కాస్త మెత్తగా ఉందనిపించింది. ఇంటికొచ్చాక డ్రమ్ విప్పితే లైనర్, అంటే డ్రమ్‌ను రాసుకునే పట్టీ, దాన్ని మోసే షూ నుంచి సగం ఊడి వేలాడుతోంది. పట్టీ మందంగా, అరగకుండా కొత్తదానిలాగే ఉంది, అతికించిన జిగురే కాలానికి పోయింది. అది పూర్తిగా ఊడి డ్రమ్‌లో ఇరుక్కుని ఉంటే చక్రం బిగుసుకుపోయి నేను గాల్లో ఉండేవాణ్ని. కాబట్టి లైనర్ల మందం చూసి మోసపోకండి, రెండు చక్రాలకూ కొత్త షూలు వేయండి, బ్రేక్ క్యామ్ తుప్పు గీకి సన్నగా గ్రీజు రాయండి. డ్రమ్‌లోని దుమ్మును నోటితో ఊదొద్దు, పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి. డిస్క్ బ్రేకైతే ఫ్లూయిడ్ మొత్తం మార్చాలి, అది తేమ పీల్చుకునే రకం. పెయింటు మీద పడితే ఊడగొట్టేస్తుంది, జాగ్రత్త.

టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 1809 అని ఉంటే 2009వ సంవత్సరం 18వ వారంలో తయారైందని. మూడే అంకెలుంటే అది 2000కు ముందుది. గీతలు నిండుగా ఉన్నాయి కదా అని మా నాన్న మార్చనివ్వలేదు. గాలి నింపి ఎండలో పెడితే పక్కల పగుళ్లు నోళ్లు తెరిచాయి, మూతి దగ్గర ట్యూబు చిరిగింది. అప్పుడు ఒప్పుకున్నారు. పదేళ్లు దాటిన టైరు ఎంత బాగున్నట్టు కనిపించినా రోడ్డు మీదికి పనికిరాదు, ట్యూబులూ కొత్తవే వేయండి.

కేబుళ్లు, చైన్, ఫోర్కు సీళ్లు, చక్రాల బేరింగులు వరుసగా చూసుకుంటూ పోండి, వీటిలో పెద్ద మర్మమేమీ లేదు. యాక్సిలరేటర్ ఒక్కటి మాత్రం గట్టిగా చూడండి. హ్యాండిల్ ఎటు తిప్పినా, వదలగానే టక్కున వెనక్కి రావాలి.

మొదటి రోజు ఖాళీ రోడ్డు మీద కిలోమీటరు వెళ్లి రండి, ముప్పై దాటించకండి. వచ్చాక రెండు చక్రాల మధ్యభాగాన్ని చేత్తో తాకి చూడండి, ఒకటి వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. నట్లన్నీ మరోసారి బిగించండి. 150, 200 కిలోమీటర్లు తిరిగాక ఇంజన్ ఆయిల్ మళ్లీ మార్చండి, లోపల ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి అప్పటికి కరిగి అందులోకి చేరి ఉంటుంది.

మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లాలా అంటే, బ్రేకు షూలు, టైర్లు మార్చడం మీకు అలవాటు లేకపోతే ఆ రెండూ ఆయనకే వదిలేయండి. ట్యాంకు, కార్బురేటర్ మాత్రం మీరే చేసుకోండి, దుకాణంలో దానికి అంత ఓపిక ఎవరికీ ఉండదు. మీది టూ స్ట్రోక్ అయ్యుంటే క్రాంక్ సీళ్ల గురించి వేరే కథ చెప్పాల్సి వచ్చేది, బతికిపోయారు. ముందు ట్యాంకు మూత తీసి టార్చి వేయండి. లోపల ఏం కనిపించిందో కింద రాస్తే, వెనిగర్‌తో పోయేదో కాదో చెప్తాను.