పాత ల్యాండ్‌లైన్ వైరు మీద లాన్ (ఇంట్లో వైరుతో నెట్) నడుస్తుందా?

హాల్లో ఫైబర్ బాక్సు, చివరి బెడ్‌రూమ్‌కి వైఫై అందదు, గోడలో పాత టెలిఫోన్ వైరు ఉంది, దాన్నే వాడొచ్చా అన్నది ప్రశ్న. వాడొచ్చు. కానీ ఆ గోడలో పనికొచ్చేది వైరు కంటే అది వెళ్లే పైపు.

ముందు సాకెట్ ఊడదీసి తీగలు లెక్కపెట్టండి. ఎనిమిది తీగలు, పైతొడుగు మీద క్యాట్5ఈ (నెట్ కేబుల్‌లో ఒక రకం) అని ఉంటే అదృష్టమే. గది నుంచి గదికి ప్యారలల్ లాగకుండా నేరుగా వచ్చి ఉంటే, రెండు చివర్లా ఆర్‌జె45 (నెట్ కేబుల్ ప్లగ్గు) బిగిస్తే గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, వస్తుంది. నాలుగే ఉంటే 100 ఎంబీపీఎస్ దాటదు, గిగాబిట్‌కి నాలుగు జంటలూ (రెండేసి తీగలు మెలేసినవి) కావాలి. మెలికల్లేని చదును వైరైతే దాని జోలికే పోవద్దు.

నాలుగు తీగలతోనే కానిస్తానంటే ఒక జంట 1, 2 పిన్లకి, రెండోది 3, 6కి. జంటలోని ఒక తీగను 1లో, దాని జోడీని 3లో పెట్టారనుకోండి, రెండు చివర్లా అలాగే ఉంటే చవక టెస్టర్‌లో లైట్లన్నీ చక్కగా వెలుగుతాయి, లింకు మాత్రం పడుతూ లేస్తూ ఉంటుంది. తీగ తెగిందా లేదా అన్నదే దానికి తెలుసు, జంట విడిపోయిందని తెలియదు. మెలికలు కూడా 13 మిల్లీమీటర్లకు మించి విప్పొద్దు.

బయటి నుంచి వచ్చే ఫోన్ లైనును దాని డబ్బా దగ్గరే విప్పేయడం మరవొద్దు. కనెక్షన్ ఇంకా బతికుంటే అందులో 48 వోల్టుల డీసీ ఉంటుంది, రింగైతే అంతకంటే ఎక్కువ ఏసీ. అది కంప్యూటర్ పోర్టుకి తగలకూడదు.

నన్నడిగితే పాత వైరును తాడు చేసుకుని అదే పైపులో క్యాట్6 (క్యాట్5ఈ కంటే మెరుగైన కేబుల్) లాగడమే మేలు. ముందు అటూ ఇటూ ఆడించండి. కదలకపోతే లోపల సిమెంటో అతుకో అడ్డం ఉన్నట్టే, గుంజితే తెగి తాడు కూడా పోతుంది. కదిలితే రెండింటి తొడుగూ మూడంగుళాలు ఒలిచి, తీగలను ఒకేచోట ముడివేయకుండా వెనకా ముందుగా మెలేసి, టేపును కొస సన్నగా వచ్చేలా చుట్టండి. అతుకు లావైతే మొదటి బెండులోనే ఇరుక్కుంటుంది. కాస్త టాల్కం పౌడరు పూసి, ఒకరు అటు నుంచి తోస్తుంటే ఇంకొకరు ఇటు లాగాలి. పనిలో పనిగా ఒక నైలాన్ దారం కూడా వెంట పంపండి, రేపు ఇంకో వైరుకి పనికొస్తుంది.

వైరు కొనేటప్పుడు తీగను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూసిన అల్యూమినియం, తిరిగి ఇచ్చేయండి. "అందరూ ఇదే తీసుకెళ్తున్నారు సార్" అంటారు, వినకండి. అదే పైపులో కరెంటు వైర్లు పోతుంటే మాత్రం అసలు లాగొద్దు, గోడ మీద కేసింగ్ వేయించుకోండి.