డ్రైవర్ సంగతి సరే, ముందు పుట్టిన తేదీలు చూసుకోండి

ఆసుపత్రి డేటాబేస్‌కు మీ జావా వెబ్ అప్లికేషన్‌ను కలపాలి, ఏ జేడీబీసీ డ్రైవర్ (జావా ప్రోగ్రామ్‌ను డేటాబేస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) మంచిదని అడిగారు. ఆ డేటాబేస్ తయారుచేసినవాళ్లు ఇచ్చే డ్రైవరే వాడండి. జేడీబీసీ 1997 నుంచి జావాతో పాటే ఉన్న పద్ధతి. చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డ్ సరిగ్గా ఇస్తే కాసేపట్లో రోగుల జాబితా తెర మీదికి వచ్చేస్తుంది. అది చూసి పని అయిపోయిందనుకుంటారు, నాకు భయమంతా అక్కడే.

కొన్నేళ్ల క్రితం ఒక ఆసుపత్రి వార్డుల కోసం ఇలాంటి తెరే చేశాం. మంచం నంబరు, పేరు, పుట్టిన తేదీ, తాజా పరీక్షల ఫలితాలు అందులో కనిపించాలి. మా దగ్గర అన్నీ సవ్యంగా వచ్చాయి. ఆసుపత్రి సర్వర్‌లో పెట్టిన మూడో రోజు నవజాత శిశువుల వార్డు నుంచి ఒక నర్సు ఫోన్ చేశారు. "పాప చేతి పట్టీ మీద పన్నెండో తేదీ ఉంది. మీ తెర పదకొండు అంటోంది. దేన్ని నమ్మమంటారు?"

నమోదు చేసేటప్పుడు ఎవరో తప్పు కొట్టి ఉంటారని చెప్పాను. ఆవిడ ఫోన్ పెట్టలేదు. మిగతా పట్టీలు కూడా ఒక్కొక్కటే చదివారు. ప్రతి బిడ్డకూ తెర మీద ఒక రోజు ముందున్న తేదీయే ఉంది. డేటాబేస్‌లో మాత్రం అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

జరిగింది ఇది. కాలమ్‌లో ఉన్నది వట్టి తేదీ. మేము వాడిన పాత పద్ధతిలో డ్రైవర్ దాన్ని జావా తేదీగా మార్చేటప్పుడు, జావా నడుస్తున్న యంత్రం టైమ్‌జోన్ ప్రకారం ఆ రోజు అర్ధరాత్రిగా తీసుకుంటుంది. మా కోడ్ దాన్ని యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలోకి మార్చి, జేసన్ అనే వచన రూపంలో బ్రౌజర్‌కు పంపింది. ఆసుపత్రి సర్వర్ గడియారం యూటీసీ కంటే ముందుంది కాబట్టి పన్నెండో తేదీ అర్ధరాత్రి పదకొండో తేదీ సాయంత్రం అయింది. బ్రౌజర్ అందులో మొదటి పది అక్షరాలను తేదీగా చూపించింది. మా పరీక్షా యంత్రాలన్నీ యూటీసీలోనే నడిచేవి, అందుకే అక్కడ తప్పు బయటపడే వీలే లేదు.

ఒక్క రోజేగా అని మా బృందంలో ఒకరు అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పసికందుల కామెర్లకు చికిత్స ఎప్పుడు మొదలుపెట్టాలో బిడ్డ వయసును గంటల్లో లెక్కగట్టి నిర్ణయిస్తారు. మందు ఇచ్చే ముందు రోగిని గుర్తుపట్టేది పేరుతో, పుట్టిన తేదీతో. పట్టీ మీదున్నదీ తెర మీదున్నదీ కలవకపోతే జాగ్రత్తపరుడు ఆగిపోతాడు, తొందరలో ఉన్నవాడు తెరనే నమ్మేస్తాడు.

ఈ తేదీల తప్పుకు విరుగుడు ఎప్పటినుంచో ఉంది. 2014లో జావా 8తో వచ్చిన జేడీబీసీ 4.2 ప్రకారం తేదీని నేరుగా లోకల్‌డేట్ అనే జావా రకంగా అడగవచ్చు. అందులో గంటలూ ఉండవు, టైమ్‌జోనూ ఉండదు. మీ డ్రైవర్ ఆ వెర్షన్‌ను పాటిస్తుందో లేదో చూడండి, డ్రైవర్ ఎంపికలో నేను చూసే మొదటి విషయం అదే. మీ డేటా ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే ఆరోగ్య సమాచార ప్రమాణం రూపంలో ఉండి, దాన్ని పట్టికలుగా చూపించే డ్రైవర్ వాడుతుంటే ఇంకో చిక్కు ఉంది. ఆ ప్రమాణంలో పుట్టిన తేదీ సంవత్సరం మాత్రమే ఉన్నా చెల్లుతుంది. వట్టి 1950 అని ఉన్నచోట డ్రైవర్ ఏం చేస్తుందో తప్పక పరీక్షించండి. అది జనవరి 1 అని నింపేస్తే, రోగి చెప్పని తేదీ మీ తెర మీద నిజమై కూర్చుంటుంది.

అడగకపోయినా ఇవీ చెప్పాలి. డేటాబేస్ అడ్మిన్ ఖాతాతో వెబ్ అప్లికేషన్‌ను నడిపేవాళ్లను చాలామందిని చూశాను. ఇది క్షమించరాని బద్ధకం. చూపించడమే మీ పనైతే చదివే హక్కు మాత్రమే ఉన్న ఖాతా అడిగి తీసుకోండి. మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే, కనెక్షన్ భద్రతను నిర్ణయించే ఎస్‌ఎస్‌ఎల్‌మోడ్ సెట్టింగ్‌లో 'రిక్వైర్' పెట్టి భద్రంగా ఉన్నామనుకోకండి. జేడీబీసీ డ్రైవర్‌లో అది సమాచారాన్ని గుప్తీకరిస్తుందే తప్ప అవతల ఉన్నది మీ సర్వరేనా అని సర్టిఫికెట్ చూడదు. 'వెరిఫై-ఫుల్' పెట్టండి. డేటాబేస్ కనెక్షన్లను తెరిచి ఉంచి అవసరమైనప్పుడు అందించే హికారీసీపీ లైబ్రరీ మామూలుగా పది కనెక్షన్లకు మించి తెరవదు. తెరిచినవాటిని కోడ్‌లో ఎక్కడైనా మూయడం మరిస్తే, పదీ చిక్కుకున్నాక పదకొండో మనిషి ముప్పై సెకన్లు ఎదురుచూసి చివరికి ఎర్రర్ చూస్తాడు. వార్డులో ఆ పదకొండో మనిషి డాక్టరు కావచ్చు.

కనెక్షన్ కుదిరాక, అప్లికేషన్‌ను ఆసుపత్రి సర్వర్ టైమ్‌జోన్‌లోనే నడిపి, ఒక నర్సు పక్కన కూర్చుని పది మంది పుట్టిన తేదీలను కాగితంతో పోల్చి చూడండి. తేడా కనిపిస్తే డ్రైవర్ వెర్షన్, ఆ కాలమ్ రకం ఇక్కడ రాయండి. రోగుల వివరాలు మాత్రం పెట్టకండి. నేను చూసి చెబుతాను.