“పరిశీలించండి” అనే మాటతో జాగ్రత్త

బుజ్జీ,

జైల్లో ఉన్న ఒక ట్రాన్స్‌జెండర్ మహిళకు హార్మోన్ మందులు ఆపేస్తే నువ్వు హైకోర్టులో రిట్ వేస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడికి టెన్షన్. నాకూ టెన్షనే. అయినా పక్కింటావిడకి అప్పుడే చెప్పేశాను, మా మేనకోడలు వేస్తోందని.

వకాలత్ మీద జైలు సూపరింటెండెంట్ అటెస్టేషన్ మర్చిపోకు. ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తించిన 2014 సుప్రీంకోర్టు నల్సా తీర్పు, వాళ్ల హక్కుల కోసం వచ్చిన 2019 చట్టంలో వైద్యం గురించిన సెక్షన్ 15, 2022 జనవరిలో కేంద్ర హోంశాఖ ఇచ్చిన జైళ్ల అడ్వైజరీ జతచెయ్. ఇవన్నీ నాకన్నా నీకే బాగా తెలుసు.

నా భయమంతా ప్రేయర్ గురించి, అదే, కోర్టును ఏం ఆదేశించమంటున్నామో రాసే భాగం గురించి.

2015లో నేనూ ఇలాంటి కేసే వేశాను. నల్సా తీర్పు వచ్చి ఏడాది. ఆ ఊపులో అందులోంచి పేరాలకు పేరాలు ఎత్తిరాసి నలభై పేజీల అఫిడవిట్ తయారుచేశాను. నా క్లయింటుకు నిర్వాణం అయింది, అంటే బీజాలు తీసేశారు. ఆ ఆపరేషన్ తర్వాత హార్మోన్ బయటి నుంచి అందకపోతే ఎముకలు గుల్లబారతాయి, ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి. జైలు డాక్టరేమో అందం కోసం మింగే మాత్రలని రాసిపడేశాడు. అది తప్పని చెప్పే ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) కాగితం ఒక్కటైనా నేను పెట్టలేదు. ప్రేయర్లో “తగిన వైద్యం అందించేలా ఆదేశించండి” అని ఒక్క ముక్క. తగిన వైద్యమంటే ఏది? ఎవరు తేల్చాలి? ఎప్పట్లోగా?

జీపీ, అంటే ప్రభుత్వ ప్లీడరు, లేచి పరిశీలిస్తామన్నాడు. “చట్టప్రకారం పరిశీలించండి” అని రిట్ డిస్పోజ్ అయింది, అంటే కేసు అక్కడితో మూసేశారు. గెలిచామనుకుని జూనియర్లకు టీ, సమోసా ఇప్పించాను. సిగ్గేస్తోంది చెప్పడానికి. నాలుగు నెలలకు రెండు లైన్ల జవాబు: పరిశీలించాం, జైలు ఆసుపత్రిలో ఆ సౌకర్యం లేదు. కోర్టు ధిక్కారం వెయ్యడానికీ లేదు. పరిశీలించమన్నారు, పరిశీలించారు.

ములాకత్‌కి వెళితే తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చింది. “మేడమ్, కోర్టు నా గురించి మంచిగ రాసిందంట గదా. మరి మాత్ర ఎప్పుడిస్తరు?” అంది. నేను బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

అందుకే ముందు ప్రేయర్ రాయి, మిగతాది తర్వాత. ఏడు రోజుల్లో ప్రభుత్వాసుపత్రి ఎండోక్రైనాలజిస్టు చూడాలి, రాసిన మందు ఆ రోజు నుంచే ఇవ్వాలి, ఇచ్చినట్టు కోర్టులో రిపోర్టు వెయ్యాలి. మధ్యంతర ఉత్తర్వు అడుగు. డిస్పోజ్ చేస్తామంటే పెండింగ్‌లో ఉంచమని బతిమాలు, నామోషీ ఏం లేదు. గడువు పడినా నిద్రపోకు. అమెరికాలో ఐడహో జైల్లో ఉన్న ఎడ్రీ ఎడ్మోకి ఆరు నెలల్లో శస్త్రచికిత్స చేయించమని 2018 డిసెంబరులో ఉత్తర్వు వచ్చింది. అప్పీళ్లు తిరిగి తిరిగి అది జరిగేసరికి 2020 జూలై.

ఇంకోటి, టీవీవాళ్లకు బైట్ ఇచ్చావంటే కాళ్లు విరగ్గొడతా. ఆ వార్త చూసిన వార్డర్ల మధ్యే నీ క్లయింటు రాత్రంతా ఉండాలి. నీ ధైర్యం నాకు తెలుసు, కుక్కపిల్ల కోసం మీ తాతనే ఎదిరించినదానివి. ఈసారి దెబ్బ పడేది నీ వీపు మీద కాదు.

జైలుకెళ్లే రోజు తిని బయల్దేరు, గేటు దగ్గర ఎంతసేపు నిలబెడతారో చెప్పలేం. ప్రేయర్ రాయగానే ఫొటో తీసి వాట్సాప్ చెయ్. కంటి ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు కూడా చదువుతున్నాను.

నీ మేనత్త